తలకిందుల అ

1968 జూలై, గురువారం రాత్రి, తార్నాక

హాస్టల్ వంటవాళ్ల పిల్లలకు ఇన్నాళ్లూ ఇసుకలోనే అక్షరాలు దిద్దించాను. ఈ రోజు క్యాంపస్‌లో ఒక నల్లబల్ల దొరికింది. గర్వంగా పెద్ద 'అ' రాసి, ఏమిటని అడిగాను. ఒక్కరూ గుర్తుపట్టలేదు. చివరికి వంటమనిషి యాదమ్మ కూతురు సుగుణ బల్లకు వీపు తిప్పి, వంగి, కాళ్ల సందులోంచి చూసింది.

"గిది అ నే అక్కా. నువ్వే ఉల్టా రాసినవ్."

అప్పుడు వెలిగింది నాకు. ఇసుకకు అటు వాళ్లు, ఇటు నేను కూర్చునేవాళ్లం. నేను రాసింది వాళ్లకు తలకిందులుగా కనబడింది. వాళ్లు అలాగే దిద్దితే నాకు చక్కగా కనబడి, శభాష్ అంటూ వచ్చాను.

ఒక్క అక్షరమైతే మార్చవచ్చు, 'ఔ' దాకా వచ్చేశాం. శనివారం వార్డెన్‌గారు పిల్లల రాత చూసి, నచ్చితేనే బడికి గది ఇస్తారట.

ఆయన్ని ఇసుకకు ఇటువైపు, నా పక్కనే కూర్చోబెడితే...