పెదాలు కదిపితే చాలన్నాను

మలికిపురం కాపురస్తురాలు, విశ్రాంత సంగీతోపాధ్యాయిని, అరవై రెండేళ్ల సీతారత్నం అనే నేను, గొంతు ఆపరేషనులో మాట పోయినా బుద్ధీ జ్ఞాపకమూ స్థిరంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా స్వహస్తంతో రాసిన వీలునామా. దీన్ని అమలు జరిపే బాధ్యత మా తమ్ముడు సుబ్రహ్మణ్యేశ్వరరావుది.

1. నేనుంటున్న రెండు గదుల ఇల్లు తమ్ముడికే దఖలు. గోడ హద్దు తగాదాతో వాడు నాతో పదకొండేళ్లు మాట్లాడలేదు. ఇప్పుడు నేను మాట్లాడలేను. హద్దు తనకి నచ్చినచోట పెట్టుకోవచ్చు.

2. నా హార్మోనియం నేను పనిచేసిన హైస్కూలుకే ఇద్దామని వెళ్లాను. నా పోస్టులోకి ఎవరినీ వేయలేదు. "మ్యూజిక్ పీరియడు లెక్కలకి ఇచ్చేశామండి," అన్నారు హెడ్మాస్టారు. పలక మీద రాసి ఎంత బతిమాలినా లాభం లేకపోయింది. కాబట్టి అది కొత్తపేటలో ప్రైవేటు స్కూలు పిల్లలకి సంగీతం చెబుతున్న నా శిష్యురాలు దుర్గాశ్రీకి చెందాలి.

3. దుర్గాశ్రీకి ఈ నాలుగు మాటలు కూడా. శ్రుతి నీ గొంతుకి కాదు, పిల్లల గొంతుకి పెట్టు. గొంతు మారుతున్న మగపిల్లల్ని పై స్థాయికి లాగకు. అరవైమంది మీద అరవకు. చప్పట్లతో తాళం వెయ్యి, వాళ్లే సద్దుమణుగుతారు. నేను ముప్పై ఏళ్లు అరిచాను. వార్షికోత్సవం పాటకే ఏడాదంతా ధారపోయకు. వారానికి ఒక్క పీరియడే ఇస్తే ఒక్క పల్లవే నేర్పు. కానీ క్లాసులో ప్రతి ఒక్కరూ పాడాలి.

4. చిన్నతల్లి, నేను పాడనివ్వని పిల్ల. ఇప్పుడు మా వీధి చివర కుట్టుమిషను పెట్టుకుంది. 1994లో స్కూలుకి పెద్ద ఆఫీసరు వస్తున్నారని ప్రార్థనాగీతం సిద్ధం చేస్తున్నాను. ఏడో తరగతి చిన్నతల్లి శ్రుతి తప్పుతోందని వెనక వరసలోకి పంపి, "పెదాలు కదిపితే చాలు, గొంతు రానివ్వకు," అన్నాను. పాట బాగా కుదిరింది. అందరూ మెచ్చుకున్నారు.

కిందటి నెల ఆమెకి నా శ్రుతిపెట్టె ఇవ్వబోయాను. "నాకెందుకండీ మేడమ్‌గారూ? ఆ రోజు నించీ పాడలేదండి. మా పాపకి జోల కూడా మా అత్తగారే పాడేరండి," అంది, మామూలుగానే. క్షమించమని అడగడానికి నాకు గొంతు లేదు. పలక మీద రాశాను. చదివి, "అయ్యో, ఊరుకోండి," అంటూ తడిగుడ్డతో తుడిచేసింది.

కానుక పుచ్చుకోలేదు గనక సాక్షిగానైనా ఉండమన్నాను. "ఆయ్, అలాగేనండి," అంది. ఇంతవరకూ చదివి ఒక్కచోట వేలు పెట్టింది. నాలుగో అంశం మొదట్లో అప్పటికి "పాడలేని పిల్ల" అని రాసి ఉంది.

"పాడనివ్వని పిల్ల అని రాయండి," అంది.

కొట్టేసి, అలాగే రాశాను. ఆ దిద్దుబాటు నా ఇష్టపూర్వకంగా చేసిందే.

మలికిపురం, 14-8-2005
(సం.) సీతారత్నం

సాక్షులు:
1. అమ్మిరాజు, పోస్టుమాస్టరు
2. చిన్నతల్లి