పెట్టెలన్నీ ఎల్లిపోనాయి

దీవెనకు,

ప్రభువు దయ వల్ల విశాఖలో నేను బాగానే ఉన్నాను. నువ్వెలా ఉన్నావో మాత్రం అంతుపట్టడం లేదు.

మా పని నీకు తెలుసు కదా. గోదాముల్లో పెట్టిన అలారం పెట్టెలు రోజుకోసారి బాగున్నామని సిగ్నల్ పంపాలి, పంపకపోతే మేం ఫోన్ చేసి కనుక్కోవాలి. నిన్న నౌపడ రైలు స్టేషను పక్కనున్న ఉప్పు గోదాం నుంచి రాలేదు. వాచ్‌మన్ గణపతిరావుకి ఫోన్ చేసి సిగ్నల్ రాలేదన్నాను.

"రాకపోడమేటి బాబూ? సిగ్నల్ పడిపోనాది, గుణుపూర్ బండి ఎల్లిపోనాది" అన్నాడు.

"బండి కాదు మావా, పెట్టె సంగతి సెప్పు."

"పెట్టెలన్నీ ఎల్లిపోనాయి, ఒక్కటీ మిగల్నేదు."

దొంగలు పడ్డారని హడలిపోయి మనిషిని పరిగెత్తించాను. తీరా చూస్తే ఆయన చెప్పింది రైలు పెట్టెల మాట. అలారం ప్లగ్గు పీకేసి సెల్లు ఛార్జింగు పెట్టుకున్నాడట!

అందరూ నవ్వారు, నాకు నవ్వు రాలేదు. రోజూ పొద్దున్నే నువ్విచ్చే మిస్‌డ్ కాల్ ఆదివారం నుంచి లేదు. నేను చేస్తే స్విచాఫ్. ఛార్జరు పాడైందా? మొన్న ఇంటికొచ్చినప్పుడు పులుసులో ఉప్పెక్కువైందని నేనన్నందుకా? పాప గ్లోరీకి దగ్గు తగ్గిందా, లేదా? గ్యాసు వచ్చిందా? మీ అన్న బెన్హర్‌ని చూసి రమ్మందామంటే చర్చి అంతా తెలిసిపోతుంది. అందుకే ఈ కార్డు. దీన్నీ పోస్టుమాన్ చదువుతాడనుకో.

అత్తకి వందనాలు, పాపకి ముద్దులు. తిట్టాలనుంటే ఎవరి ఫోనులోంచైనా తిట్టు. తిట్లు వస్తే బాగున్నావనుకుంటాను. ఏమీ రాకపోతే ఏమనుకోను?

విక్టర్