రష్యా వార్త రాగానే దగ్గు

17 అక్టోబరు 1983, సోమవారం

ఈ రోజు నుంచి కొత్త నియమం. అమెరికా చేసినా, రష్యా చేసినా యుద్ధం యుద్ధమే. ఒకే కొలత, ఒకే గొంతు.

కారణం రాసి ఉంచాలి. పక్కింటి రహిమున్నీసాకు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు చదవడం రాదు. మా ఆయన పోయినప్పటి నుంచి రోజూ ఉదయం ఏడుకు మా వరండాలో కూర్చుంటుంది. నేను పత్రిక చదివి వినిపిస్తాను. నిన్న ఎవరి ట్రాన్సిస్టర్‌లోనో ఉర్దూ వార్తలు విన్నదట. ఈ రోజు కూర్చోలేదు. గడప దగ్గరే నిలబడింది.

"అఫ్ఘానిస్తాన్‌లో నాలుగేండ్లుగా యుద్ధం జరగతా ఉండాదంట. యాడా సదవలేదే అక్కా?"

"చెప్పినాను గదా, రష్యా సైన్యం పోయిందని."

"పోయి వచ్చేసిందనుకొన్నా. వియత్నాం అప్పుడు వీధంతా వినపడేటట్టు సదివినావు. వీళ్లు మనుషులు గారా? ఇట్ల ఏరి సదివేదైతే నాకొద్దు నీ పేపరు."

ముప్పై ఏళ్లు ఆడపిల్లలకు నిష్పక్షపాతం బోధించిన హెడ్‌మిస్ట్రెస్‌ను. ఇక ఒక్క అక్షరం వదలనని మాట ఇచ్చాను. అప్పుడు కూర్చుంది.

18, మంగళవారం

కాబూల్ వార్త మూడో పేజీలో, అడుగున. మొత్తం చదివాను. 'సాయం' అని మార్చకుండా 'దాడి' అనే చదివాను. రహిమున్నీసా ఎండ వరండాలోకి వచ్చేదాకా కూర్చుంది. ఇంత తేలికైన పని ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదో.

20, గురువారం

మళ్లీ కాబూల్. పల్లెల మీద విమానాలు. పూర్తిగానే చదివాను. మధ్యలో దగ్గు వచ్చింది. వానలు మొదలయ్యాయి కదా.

"రష్యా వార్త వచ్చేతలికి నీకు దగ్గొస్తాది. అమెరికా అంటే గొంతు మైకు మాదిరి ఉంటాది."

అన్యాయమైన మాట. మిరియాల కషాయం తాగాను.

22, శనివారం

ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. ఒకే కొలత అంటే సందర్భం మరిచిపోవడం కాదు. డెబ్బై ఒకటి యుద్ధంలో మన సముద్రం వైపు యుద్ధనౌకలు పంపింది ఎవరు? మన పక్షాన నిలిచింది ఎవరు? పైగా కాబూల్ ప్రభుత్వమే పిలిచిందని రష్యా అంటోంది. పిలిస్తే వెళ్లినవాడినీ, పిలవకుండా వెళ్లినవాడినీ ఒకే గాటన కట్టలేము. ఇదే ఆమెకూ చెప్పాను.

"పిలిస్తే అన్నానికి వస్తారు అక్కా. ట్యాంకులేసుకొని ఎవురొస్తారు?"

లోపల మనవరాలు మునిలక్ష్మి నవ్వింది. డిగ్రీ చదువుతోంది, పెద్దల మాటల మధ్య నవ్వకూడదని తెలియదు. మందలించాను.

26, బుధవారం

గ్రెనడా మీద అమెరికా సైన్యం దిగింది. మొదటి పేజీ, పెద్ద అక్షరాలు. అట్లాసులో వెతికితే ఆవగింజంత ద్వీపం. ఒకసారి చదివాను. ఆమె సరిగా వినలేదేమోనని ఇంకోసారి. మునిలక్ష్మిని పిలిచి మూడోసారి. చుట్టుపక్కల దేశాలు పిలిస్తేనే వచ్చామని అమెరికా అంటోందట.

"పిలిచినారంట. దొంగమాటలు" అన్నాను. అన్న తరువాత నా మాట నాకు వినపడింది.

రహిమున్నీసా వక్క నములుతూ, "కారణం లేకనే పోతారా అక్కా? ఆడ మిలిట్రీవాళ్లు వాళ్ల ప్రధానినే సంపేసినారని నువ్వే సదివితివే" అంది.

"అయితే ఊరి మీద పడొచ్చునా? కారణం రష్యా కూడా చెప్తాది."

"అది వేరే" అంది.

"ఏంది వేరే?"

"నీకు నీ వేరే ఉండాది గదా. నాకు నా వేరే."

లేచి వెళ్లిపోయింది. కాఫీ గ్లాసులో సగం అట్లాగే ఉంది.

27, గురువారం

రాలేదు. కాబూల్ వార్త నాలుగు వరుసలు ఉంది. వినేవాళ్లు లేరు, చదవలేదు. ఇది నియమభంగం కిందికి రాదు.

29, శనివారం

మునిలక్ష్మి నా పత్రిక పట్టుకొని రహిమున్నీసా ఇంటికి వెళ్లి చదివి వస్తోందట. నాతో ఒక్క మాట చెప్పలేదు. నిలదీశాను.

"ఆమే పిలిచింది అవ్వా. పిలిస్తే పోవచ్చు గదా."

పత్రిక తీసుకొని నేనే చదువుకున్నాను. గ్రెనడాలో పోరు తగ్గుతోందట. తెలిసి ఏం లాభం? ఎవరితో అనను?

31, సోమవారం

ఏడుకు వరండాలో చెప్పుల చప్పుడు. రహిమున్నీసా. పిలవలేదు, వచ్చి కూర్చుంది.

"నీ మనమరాలు బాగా సదవతాది. అన్నీ ఒకే మాదిరి. యుద్ధమూ అట్లే, చింతపండు ధరా అట్లే. ఎవురి మింద కోపం తెచ్చుకోవాల్నో తెలియలా."

"అదే నిష్పక్షపాతం. నేను నేర్పిందే."

"నీకు రానిది దానికెట్ల నేర్పినావు?"

కోపం రావలసింది. నవ్వు వచ్చింది. ఆమె కూడా నవ్వి, మోకాలు రుద్దుకుంటూ ఒక దారి చెప్పింది. నేను రష్యాను తిట్టాలి, ఆమె అమెరికాను తిట్టాలి. ఎవరి ముద్దుబిడ్డను వాళ్లే. న్యాయంగానే ఉంది, ఒప్పుకున్నాను.

"సరే, మొదలుపెట్టు" అన్నాను.

"నువ్వు పెద్దదానివి. ముందు నువ్వు."

"మాట అన్నది నువ్వు. ముందు నువ్వే."

ఎనిమిదిన్నర దాకా ఇదే. ఇద్దరిలో ఎవరూ ఒక్క తిట్టూ తిట్టలేదు.

రేపటి నుంచి కొత్త నియమం, ఖచ్చితంగా అమలు. ముందు ఆమె.