నీ ఫ్యాక్టరీ గ్లవ్స్

నాయినా,

నిన్న జాతీయ మహిళల ఫుట్‌బాల్ లీగ్‌ల నా మొదటి మ్యాచ్. మిట్టమధ్యాహ్నం ఎండల పెట్టిన్రు. మూడు గోల్స్ పడ్డయి, ఓడిపోయినం. పెనాల్టీ ఒకటి మాత్రం ఆపిన.

చిన్నప్పుడు నీ ఫ్యాక్టరీ గ్లవ్స్ నా చేతులకు తొడిగి, జహీరాబాద్ గ్రౌండ్‌ల గోల్ ముందర నిలబెట్టినవ్ గద. క్లబ్బోళ్లు కొత్తవి ఇచ్చిన్రు. నిన్న వాటి లోపల నీ గ్లవ్సే తొడుక్కున్న.

నువ్వు పోయిన పదకొండోనాడే చిన్నాయిన "ఆ ఆట బంద్ చెయ్, బజారోళ్లు నవ్వుతున్నరు" అన్నడు. ఇయ్యాల పొద్దుగాల మళ్ల ఫోన్ చేసిండు.

"ఓడిపోయిన్రంట గద. ఇగనన్న ఇంటికొచ్చెయ్ బిడ్డా."

"ఆదివారం ఇంకో మ్యాచ్ ఉన్నది చిన్నాయినా. ఫోన్‌ల లైవ్ వస్తది. ఆ నవ్వెటోళ్లను గూడ పిల్చి పక్కన కూసోపెట్టుకో. నవ్వాలన్నా ముందుగాల చూడాలె గద!"