మూడుసార్లు మార్చిన ఆయిల్ సీల్

రాజమండ్రి, 14 జూన్ 2003, శనివారం

వెంకన్న గారి టర్బో లారీ ఇంజన్ విప్పకుండానే బాగుపడింది. బాగుచేసింది నేనే!

మూడుసార్లు సీల్ మార్చినా ఆయిల్ కారడం ఆగలేదు. ఇంజన్ విప్పాల్సిందేనని మా మేస్త్రి అబ్బులు గారు తేల్చేశారు. అంత ఖర్చు భరించలేక వెంకన్న గారు లారీ అమ్మేస్తానన్నారు. ఆయనకున్నది ఆ ఒక్క లారీయే.

ఈరోజు ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీశాను. పొగ బుస్సున తన్నుకొచ్చింది.

"పిస్టన్ రింగులు అరిగిపోయాయమ్మా, చెప్పానా?" అన్నారు మేస్త్రి గారు.

"లోపలి గాలి బయటికి పోయే దారి మూసుకుపోయిందేమోనండి. ఆ ఒత్తిడికే ఆయిల్ సీల్ దాటి వస్తుండొచ్చు. ఒక్కసారి బ్రీదర్ పైపు విప్పుతాను."

"డిప్లొమాలో ఇదే చెప్పారేంటి?" అని నవ్వారు.

పైపు నిండా తారులాంటి మడ్డి! డీజిల్‌తో కడిగి బిగించాను. లోడుతో ధవళేశ్వరం దాకా వెళ్లొచ్చాం. ఇంజన్ ఆపి, సీల్ కింద తడిమిన వెంకన్న గారు పొడి చేతిని అందరికీ చూపించారు.

"నా బండి నిలబెట్టారండీ, అమ్మాయి గారూ!"

షెడ్డంతా చప్పట్లు. మేస్త్రి గారు మాత్రం వెనక్కి తిరిగి చేతులు కడుక్కున్నారు. నాకు పని నేర్పింది ఆయనే. అందరి ముందూ కాకుండా, పక్కకు పిలిచి చెప్పాల్సిందేమో...

షెడ్డు మూసేటప్పుడు ఆయనే వచ్చి, "సోమవారం ఇంకో టర్బో బండి వస్తోంది. నువ్వే చూడమ్మా, నేను పక్కనుంటాను" అన్నారు.

సోమవారం దాకా ఎలా ఆగడం!