నీడన ఎండిన నేలవేము

శుక్రవారం, అమలాపురం

నీడన ఎండబెట్టిన నేలవేము ఆకు పరీక్ష ఫలితాన్ని మా ల్యాబ్ సార్ రిపోర్టులోంచి కొట్టేశారు. ఆ రసంలో మలేరియా క్రిములు చావలేదు. వానలని అంబాజీపేటలో కొబ్బరి డొక్కలు, అదే పీచు తొక్కలు, కాల్చిన పొగ మీద ఎండబెట్టిన ఆకు రసంలోనే చచ్చాయి. చంపింది ఆకో, పొగో ఎవరికి తెలుసు? అదే అడిగాను.

"డిగ్రీ లేదు గానీ డౌట్లు బోల్డున్నాయమ్మా నీకు!" అని నవ్వారు.

"ఆయ్, లేదండి. పొగ సంగతి మాత్రం రాయండి," అన్నాను. వినలేదు.

ఇంట్లో పిన్ని మలేరియాతో పడుకుని ఉంది. "మీ ఆకు పని చేసేసిందంటగా, ఈ మాత్రలు మానేస్తానే," అంటోంది. తిట్టి మింగించాను. రేపు నేను లేనప్పుడో?

సార్‌కి చీటీ రాశాను: సార్, సోమవారం పొద్దున్న పదింటిలోగా ఆ ఫలితం రిపోర్టులోకి రావాలి. లేదా ఎందుకు తీసేశారో రాసి సంతకం పెట్టివ్వండి.