నా సాక్ష్యాన్ని నమ్మిన కంపెనీ

ఇన్సూరెన్స్ మేనేజర్ గారికి బోధన్ నుంచి వందనాలు.

వర్ని రోడ్డు మీద మా తమ్ముడు ప్రభుదాస్ కారు బోల్తాపడి నా కాలు విరిగింది. కారులో కూర్చున్నవాళ్ల గాయాలకూ ఆ కారుకు మీరిచ్చిన పాలసీలో పరిహారం ఉంది. మీ మనిషి విచారణకు ఆదివారం మా చర్చికే వచ్చాడు. నేను కర్ర పట్టుకుని నిలబడి, "ప్రభువు నన్ను బాగుచేసిండు" అని సాక్ష్యం చెప్పాను. బాగుకాకముందే అలా కృతజ్ఞత చెప్పుకోవడం మా విశ్వాసం.

"అమ్మా, ఇగ మంచిగైనట్టేనా?" అని అతను అడిగితే, "ఆయన దయవల్ల మంచిగైన బిడ్డా" అన్నాను.

అందుకని పరిహారం లేదన్నారు. నా రెండో ఆపరేషన్ ఆగిపోయింది. నేను పంపిన ఎక్స్‌రేను నమ్మని మీరు నా సాక్ష్యాన్ని నమ్మారు, సంతోషం. మా పాస్టరు గారే అంత నమ్మలేక నాకు కుర్చీ వేయించారు.

వచ్చే ఆదివారం మీరే రండి. చర్చి మెట్లెక్కడానికి నాకొక భుజం కావాలి.

ప్రార్థనలతో,
ప్రభుదాస్ పెద్దక్క